ఉప్పుకండమా, పచ్చడా, పొగ చికెనా, బేకనా? తిరుపతి, చిత్తూరులో ఇంటి నుంచి అమ్మాలనుకునేవాళ్ళకు

"అక్కా, చికెన్ పచ్చడి పెట్టేదా, ఉప్పుకండం చేసేదా? మా ఆయనేమో పొగ చికెన్ అంటాండాడు" అని మొన్న పుత్తూరు నుంచి ఒకమ్మాయి ఫోన్ చేసింది. వెనకాల వాళ్ళాయన యూట్యూబ్ వీడియో చూస్తున్న చప్పుడు నాకు వినబడుతూనే ఉంది. నేను తిరిగి అడిగింది ఒకటే: "మీ వీధిలో కరెంటు పోతే ఎంతసేపటికి వస్తాది?" ఆ పిల్లకు ఒక క్షణం ఏమీ అర్థం కాలేదు.

రుచి సంగతి నేను అడగను. అమ్మాలన్న ఆలోచన వచ్చిందంటేనే నలుగురు తిని బాగుందని చెప్పి ఉంటారు. లాభం సంగతి కూడా మొదట అడగను, కాగితం మీద అన్నిటిలోనూ లాభమే కనబడుతుంది. 2019 నుంచి చిత్తూరులో మా ఇంటి వెనక వసారాలో ఈ పని చేస్తున్నాను. నాకు తెలిసొచ్చిన కొలత వేరు. ఒక విడత సరుకు మొత్తం పారబోయాల్సి వస్తే, మరుసటి వారం మళ్ళీ పొయ్యి వెలిగించగలరా? ఉప్పుకండం (ఉప్పు పట్టించి ఎండబెట్టిన మాంసం), మాంసం పచ్చడి, పొగ చికెన్, బేకన్ (ఉప్పులో ఊరబెట్టి పొగపెట్టిన పంది మాంసం), ఈ నాలుగింటిలో ఏది ఎంచుకోవాలన్నా నేను దీనితోనే కొలుస్తాను.

## ముందు తేల్చుకోవాల్సినవి

నీళ్ళు. మాంసంలో మూడొంతులు నీళ్ళే. పాడయ్యేది ఆ నీటివల్లే. ఉప్పు వేసినా, ఎండబెట్టినా, వేయించినా మనం చేస్తున్నది క్రిములకు ఆ నీళ్ళు అందకుండా చేయడం. ల్యాబ్‌వాళ్ళు దీన్ని వాటర్ యాక్టివిటీ అని కొలుస్తారు. మంచినీళ్ళకు 1, పచ్చి మాంసానికి 0.99 దగ్గర ఉంటుంది. అది 0.85 కిందికి దిగితే జబ్బు తెచ్చే బ్యాక్టీరియా పెరగలేదు. బూజు మొండిది, కొన్ని రకాలు 0.7 దగ్గర కూడా బతుకుతాయి. చేతితో నొక్కి "బాగా ఎండింది" అనుకునే ముక్కకూ ఈ అంకెకూ చాలాసార్లు పొత్తు కుదరదు. అందుకే అమ్మకానికి దిగేముందు ఒక్కసారైనా ల్యాబ్‌లో చూపించుకోవాలి.

పులుపు రెండో ఆయుధం. పులుపును పీహెచ్ అనే అంకెతో కొలుస్తారు, అంకె తగ్గేకొద్దీ పులుపు ఎక్కువ. అది 4.6 కంటే తగ్గితే బొట్యులిజం అనే ప్రాణాంతకమైన ఆహార విషం తెచ్చే క్రిమి పెరగదు. ఆ క్రిమి గుణం ఏమిటంటే, గాలి లేనిచోటే దానికి హాయి. వాక్యూమ్ కవరు, నూనె కింద మునిగిన ముక్క, రెండూ దానికి ఇష్టమైన ఇళ్ళే. "వాక్యూమ్ ప్యాక్ చేశాం కదా, బయటే పెట్టుకోవచ్చు" అని అమ్మేవాళ్ళను చూస్తే నాకు గుండె దడ. వాక్యూమ్ బూజునూ కమురు వాసననూ ఆపుతుంది, అంతే. సరుకు ముందే నిల్వ ఉండేదై ఉండాలి.

కరెంటు. ఫ్రిజ్ తలుపు తీయకపోతే సుమారు 4 గంటలు చల్లదనం నిలుస్తుంది. నిండుగా ఉన్న ఫ్రీజర్ 48 గంటలు, సగం ఉన్నది 24 గంటలు ఓర్చుకుంటుంది. గాలివాన వచ్చిందంటే మా వైపు పల్లెల్లో రాత్రంతా కరెంటు లేని రోజులు ఉన్నాయి. మీ సరుకు ఫ్రిజ్ మీద ఎంత ఆధారపడితే మీ నిద్ర అంత పలచన.

క్యాలెండరు. బయట ఊళ్ళవాళ్ళు రాసిన సలహాల్లో ఇది ఉండదు కాబట్టి కాస్త వివరంగా చెబుతాను. వెంకన్న కొండ కింద ఉన్నవాళ్ళం. శనివారం ముక్క ముట్టని ఇళ్ళు లెక్కలేనన్ని. సెప్టెంబరు నడిమికి పెరటాసి నెల వస్తుంది. నెలంతా కాకపోయినా ఆ శనివారాలు తమిళంవాళ్ళతో పాటు మనవాళ్ళూ చాలామంది పాటిస్తారు. అది అయ్యీ కాకముందే కార్తీకం, ఆ వెంటనే అయ్యప్ప మాలలు, తర్వాత ధనుర్మాసం. సెప్టెంబరు నడిమి నుంచి జనవరి నడిమి దాకా, నాలుగు నెలలు అమ్మకం నీరసం. సరిగ్గా అదే కాలంలో ఈశాన్య రుతుపవనాలు. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వాన, ముసురు. ఎండబెట్టే పనికీ అమ్మే పనికీ ఒకేసారి దెబ్బ.

ఆ తర్వాత పశువుల పండగ వస్తుంది. కనుమ నాడు ముక్క ఉడకని ఇల్లు మా వైపు వెతకాలి. అక్కణ్ణుంచి వేసవి, మే నెలలో గంగ జాతర. ఆ నాలుగైదు నెలల సంపాదనతో ఏడాది నడపగలరా అన్నది లెక్క వేసుకోండి.

ఇల్లు, ఇరుగుపొరుగు. తిరుపతిలో అద్దె ఇంటికి పోతే చాలాచోట్ల మొదటి ప్రశ్న "నాన్‌వెజ్ వండుతారా?" అనే. వండుకోవడానికే ఒప్పుకోని ఓనరు, పది కిలోలు వేయిస్తే ఊరుకుంటాడా? పొగ అయితే ఇక చెప్పనక్కర్లేదు.

తరుగు, అంటే కిలో మాంసంలో ఎంత పోయి ఎంత సరుకు చేతికొస్తుందన్నది, ఒక్కోదాని దగ్గర చెబుతాను.

## ఉప్పుకండం

ఇది మనది. సంగటి ముద్ద పక్కన ఉప్పుకండం పులుసు తిన్నవాళ్ళకు దీని గురించి చెప్పాల్సిన పని లేదు. కొవ్వు తీసేసిన మెత్తటి మాంసాన్ని వేలెడు వెడల్పున పలచగా, పొడవుగా కోసి, ఉప్పు, పసుపు, కారం, అల్లం వెల్లుల్లి పట్టించి, రాత్రంతా ఫ్రిజ్‌లో ఊరనిచ్చి, దారానికి గుచ్చి దండెం కట్టి ఎండబెడతాం. ఉప్పు కళ్ళతో చూసి వేసే పెద్దవాళ్ళ చెయ్యి గొప్పదే, కానీ అమ్మకానికి తూకం కావాలి. నేను కిలోకు 60 గ్రాములు వేస్తాను. రోహిణి కార్తెలో రెండు రోజులకే చెక్కలా అయిపోతుంది. ఫిబ్రవరిలో నాలుగు రోజులు పడుతుంది.

కొవ్వు దగ్గర రాజీ పడకండి. ఉప్పు నీళ్ళను పట్టుకుంటుంది గానీ కొవ్వును పట్టుకోదు. నెల తిరిగేసరికి కమురు వాసన వచ్చేది ఆ తెల్లటి పోగుల వల్లే.

తరుగు చూస్తే కళ్ళు తిరుగుతాయి. కిలో బోన్‌లెస్ పెడితే 350 నుంచి 400 గ్రాములు వస్తుంది. బోన్‌లెస్ మటన్ కిలో 1,000 రూపాయలు అనుకుందాం. పది కిలోలకు పదివేలు, చేతికొచ్చేది 3 కిలోల 800 గ్రాములు. అంటే మాంసం ఖర్చే కిలోకు 2,600 పైచిలుకు. మసాలా, ప్యాకింగ్, మీ చాకిరీ కలిపితే 3,500 లోపు అమ్మితే నష్టం. కిలో ధర చెప్పగానే ఫోన్ అవతల మాట ఆగిపోతుంది. అందుకే నేను కిలో ధర చెప్పడం మానేశాను. వంద గ్రాముల ప్యాకెట్, ఒక ఇంటికి ఒక పూట పులుసుకు సరిపోతుంది, అలాగే అమ్ముతాను.

లాభం ఎక్కడుందంటే నిల్వలో. బాగా ఎండినది గాలి చొరబడని డబ్బాలో కరెంటుతో పని లేకుండా ఉంటుంది. వేసవిలో చేసి పెట్టుకుంటే పనిలేని నెలల్లో కొద్దికొద్దిగా అమ్ముకోవచ్చు. బెంగళూరుకో చెన్నైకో పార్సిల్ వేస్తే కారదు, పగలదు.

ఒక సంగతి మరిచిపోవద్దు. ఎండబెడితే క్రిములు పెరగడం ఆగుతుంది, ఉన్నవి చావవు. ఉప్పుకండం పచ్చి మాంసమే. పులుసులోనో వేపుడులోనో బాగా ఉడికించాకే తినాలి, ఆ మాట ప్యాకెట్ మీద రాయాలి. "ప్యాకెట్ విప్పి అట్లే నమిలేది కావాలి" అని బెంగళూరు పిల్లలు అడుగుతారు. అది జెర్కీ, దాని పద్ధతి వేరు. మాంసం లోపల 71 డిగ్రీల సెల్సియస్ దాకా వేడెక్కాక ఎండబెట్టాలి. రెండింటినీ ఒకే ప్యాకెట్‌లో కలపకండి.

ఇక నా దెబ్బ సంగతి. 2021 నవంబరు, తిరుపతిని వరద ముంచిన ఆ వారం. ఐదు కిలోల ఉప్పుకండానికి ఆర్డరు ఒప్పుకుని పదమూడు కిలోల మాంసం తెచ్చాను. ఎండ ఒక్క రోజు కూడా రాలేదు. గదిలో ఫ్యాన్ కింద ఆరబెట్టాను, పైన పొర ఎండింది, లోపల మెత్తగానే ఉండిపోయింది. మూడో రోజు వాసన. మొత్తం గుంత తీసి పూడ్చాను. పోయిన డబ్బుకంటే, ఆర్డరు ఇచ్చిన పెద్దాయనకు ఫోన్ చేసి చెప్పడం ఎక్కువ కష్టమైంది. ఆ తర్వాతే ట్రేల డ్రయ్యర్ కొన్నాను. మిద్దె మీద ఆరుబయట ఎండబెట్టి అమ్మడం ఎలాగూ వద్దు. ఈగ, దుమ్ము, కాకి ఒక ఎత్తు, పక్కింటి పిల్లి ఒక్కటే ఒక ఎత్తు. జాలీ కట్టిన సోలార్ డ్రయ్యర్ అయినా ఉండాలి.

## మాంసం పచ్చళ్ళు

అందరూ మొదట దూకేది ఇందులోకే, తప్పేమీ లేదు. పెట్టుబడి తక్కువ, జనానికి అలవాటైన సరుకు, ఒక్క రోజులో పని అయిపోతుంది. కిలో బోన్‌లెస్ చికెన్ వేయిస్తే 600 గ్రాములకు దిగుతుంది, కానీ నూనె, కారం, మసాలా కలిసేసరికి మళ్ళీ కిలో దాటుతుంది. తరుగును నూనె పూడుస్తుందన్నమాట. చికెన్ 350 అనుకుంటే అన్నీ కలిపి కిలో పచ్చడికి అయిదారువందల్లో పడుతుంది. మటన్ పచ్చడి లెక్క దీనికి రెండింతలు దాటుతుంది.

చిక్కు పోటీలో ఉంది. తిరుపతిలో వీధికొక పచ్చళ్ళ కొట్టు, ఫోన్ తెరిస్తే గోదావరి జిల్లాల వాళ్ళ పెద్ద పెద్ద పేర్లు. వాళ్ళ ధరతో పోటీ పడితే మీరు పామాయిల్‌లోకి దిగాల్సి వస్తుంది. దిగకండి. మన దగ్గర గానుగ చెనిక్కాయ నూనె దొరుకుతుంది, అదే మీ గుర్తింపు. ధర వంద ఎక్కువ పెట్టి ఎందుకో చెప్పండి.

నిల్వ సంగతి చాలామంది అబద్ధం చెబుతారు, కొందరు తెలియక. "ఆరు నెలలు" అని లేబుల్ మీద వేసేస్తారు. పచ్చడి రసం పులుపుగా ఉన్నంత మాత్రాన ముక్క లోపలికి పులుపు పోయినట్టు కాదు. మెత్తగా, రసంతో ఉన్న ముక్క నాలుకకు బాగుంటుంది, సీసాలో ప్రమాదం. గట్టిగా వేగిన ముక్క నిలుస్తుంది, నమలడానికి కష్టం. ఈ రెంటి మధ్య మీరు ఎక్కడ నిలబడతారో అక్కడే మీ లేబుల్ తేదీ నిర్ణయమవుతుంది. ముక్కను ముందు ఉప్పు, పసుపుతో ఉడికించి ఉన్న నీరంతా ఇగిరిపోయాక వేయించాలి. పచ్చడి పూర్తిగా చల్లారాకే నిమ్మరసం కలపాలి. నేను చికెన్ పచ్చడికి నెల రోజులే వేస్తాను, ఫ్రిజ్‌లో పెట్టమని రాస్తాను. కొందరు ఆ మాట చూసి పక్క కొట్టుకు పోతారు. పోనీ.

పార్సిల్ ఇంకో తలనొప్పి. మొదటి ఏడాది ఒక కొరియర్ వాళ్ళు తలకిందులుగా పడేసిన ఆరు సీసాల నూనె, పక్కవాళ్ళ పట్టుచీర పార్సిల్‌లోకి ఇంకింది. చీర డబ్బు నేనే కట్టాను. సీలు వేసిన పౌచ్, దాని మీద ఇంకో పౌచ్, ఆపైనే అట్టపెట్టె.

"అమెరికాలో మా పిల్లాడికి పంపాలి" అని వచ్చేవాళ్ళు వారానికి ఇద్దరు. అమెరికా, యూరప్ దేశాలు, ఆస్ట్రేలియా సామాన్లలో మాంసం సరుకులు రానివ్వవు. విమానాశ్రయంలో పారేస్తారు, చెప్పకుండా దాస్తే జరిమానా కూడా. ఆ అమ్మకం వదులుకుని మామిడికాయ పచ్చడి ఇచ్చి పంపండి, అది మీరు పెట్టకపోతే పక్కింటావిడ దగ్గర కొనివ్వండి.

## పొగ చికెన్

ఇక్కడ ఒక అపోహ తీసేయాలి. పొగ పెడితే మాంసం నిల్వ ఉంటుందని చాలామంది నమ్మకం. వెనకటికి పొయ్యి మీద దూలానికి వేలాడదీసిన మాంసం నెలలు నిలిచిందంటే అది పొగ గొప్పతనం కాదు, వారాల తరబడి ఆ సెగకు నీళ్ళన్నీ ఆవిరైపోవడం. ఇప్పుడు మనం చేసేది వేడి పొగ: ఉప్పునీళ్ళలో ఊరబెట్టిన కోడిని 110, 120 డిగ్రీల పొగలో మూడు గంటలు ఉంచి, తొడ దగ్గర లోపల 74 డిగ్రీలు వచ్చేదాకా వండటం. అది వండిన కోడి, అంతే. ఫ్రిజ్‌లో మూడు నాలుగు రోజులు, ఆ తర్వాత ఫ్రీజర్.

చల్లని పొగ అని ఇంకోటుంది, 30 డిగ్రీలు దాటకుండా గంటల తరబడి పట్టించేది. ఐరోపాలో చలికాలపు పని. మే నెల తిరుపతిలో నీడలోనే 40 దాటుతుంది. పచ్చి మాంసాన్ని 5 నుంచి 60 డిగ్రీల మధ్య అంతసేపు ఉంచడమంటే క్రిములకు విందు పెట్టడమే. వీడియోల్లో ఎంత అందంగా కనిపించినా మన ఊళ్ళో దాని జోలికి వెళ్ళొద్దు. పలమనేరు, కుప్పం వైపు చల్లగా ఉంటుంది కదా అంటారు. ఉంటుంది, అంత చల్లగా కాదు.

వేడి పొగకు మాత్రం మన జిల్లా పుట్టింటి లాంటిది. తోతాపురి తోటల్లో కొమ్మలు కొట్టినప్పుడు మామిడి కట్టె అడిగితే ఊరికే ఇస్తారు. ఆరు నెలలు ఆరిన మామిడి కట్టె పొగ తియ్యగా, మెత్తగా ఉంటుంది. జామ కూడా బాగుంటుంది. చింత ఘాటు, కొద్దిగానే వేయాలి. వేప వేసి చూశాను, చేదు. రంగు వేసిన పాత తలుపులు, ప్లైవుడ్ ముక్కలు ముట్టుకోకండి, ఆ పొగ విషం. ఒకాయన నవ్వుతూ "ఎర్రచందనం వేస్తే ఎట్లుంటాది?" అన్నాడు. ఎట్లుంటాదో తెలియదు గానీ ఎక్కడుంటావో తెలుసు అన్నాను. ఊరబెట్టే నీళ్ళలో చక్కెర బదులు చిత్తూరు బెల్లం వేస్తే తోలు మీద వచ్చే రంగు చూడాల్సిందే. లీటరు నీళ్ళకు 60 గ్రాములు ఉప్పు, 30 గ్రాములు బెల్లం, రాత్రంతా ఫ్రిజ్‌లో.

తరుగు తక్కువ, కిలో కోడికి 700 గ్రాములు మిగులుతుంది. కొత్త సరుకు కాబట్టి ధర మీరు చెప్పిందే ధర. సమస్య ఎవరు కొంటారన్నదే. మా వీధిలో మొదట ఇచ్చినప్పుడు "మాడిపోయిందా?" అని అడిగారు. తిన్నవాళ్ళు మెచ్చుకున్నారు, రెండోసారి కొన్నవాళ్ళు తక్కువ. ఏర్పేడు దగ్గర ఐఐటీ, ఐజర్ క్యాంపస్‌లు, తిరుపతిలో యూనివర్సిటీ పిల్లలు, సత్యవేడు పక్కన శ్రీసిటీలో పనిచేసే బయటి రాష్ట్రాల వాళ్ళు, వీళ్ళే ఈ సరుకుకు జనం. శుక్రవారం దాకా ఆర్డర్లు తీసుకుని, శనివారం పొగపెట్టి, ఆదివారం పొద్దున ఇచ్చేయడం నాకు తెలిసినంతలో నిలబడే పద్ధతి. ముందే చేసి ఫ్రీజర్ నింపుకుని కొనేవాళ్ళ కోసం ఎదురుచూస్తే కష్టం.

పొగ పక్కింటికి పోతుంది. అపార్ట్‌మెంట్‌లో ఉన్నవాళ్ళు ఈ భాగం చదవకపోయినా నష్టం లేదు. ఊరి బయట తోట ఉన్నవాళ్ళకే ఇది.

## బేకన్

నాలుగింటిలో గిట్టుబాటు అత్యంత ఎక్కువ, తలనొప్పి కూడా అత్యంత ఎక్కువ. పంది పొట్ట భాగాన్ని ఉప్పు, బెల్లం, క్యూరింగ్ ఉప్పుతో వారం రోజులు 4 డిగ్రీల ఫ్రిజ్‌లో ఊరబెట్టి, పొగలో వండి, ముక్కలు కోసి అమ్మాలి.

ఆ క్యూరింగ్ ఉప్పులో 6.25 శాతం సోడియం నైట్రైట్ ఉంటుంది. బొట్యులిజం క్రిమిని ఆపేది, బేకన్‌కు ఆ గులాబీ రంగు ఇచ్చేది అదే. కిలో మాంసానికి రెండున్నర గ్రాములు, అంతకు మించకూడదు, మోతాదు బాగా ఎక్కువైతే విషం. మామూలు ఉప్పుతో కలిసిపోకూడదనే దానికి గులాబీ రంగు కలుపుతారు. మన దగ్గర అదే కొత్త ప్రమాదం తెచ్చింది: సైంధవ లవణం కూడా గులాబీ రంగే. ఒక అరలో రెండూ పెట్టిన వంటిల్లు ఊహించుకోండి. గ్రాములో పదోవంతు చూపే తూకం లేనివాళ్ళు, ఇంట్లో చిన్నపిల్లలు ఉండి తాళం వేసే అర లేనివాళ్ళు ఇందులోకి రావద్దు.

పంది ఎక్కడ పెరిగిందో తెలిసిన ఫారం నుంచే కొనాలి. ఊరి మీద తిరిగే పందుల్లో బద్దెపురుగు భయం ఉంది. వీధిలో అమ్మకం దాదాపు సున్నా. బెంగళూరు, చెన్నై, శ్రీసిటీ, వేలూరు ఆసుపత్రి చుట్టూ ఉండే కేరళ, ఈశాన్య రాష్ట్రాల వాళ్ళు కొంటారు. అక్కడిదాకా చల్లగా చేర్చాలి, మంచుపెట్టె, ఐస్ జెల్, రాత్రి బస్సు.

ఇంకా ఒకటి, ఇది లెక్కలో కనబడని నష్టం. పంది మాంసం ముట్టిన వంటింట్లో చేసిన ఉప్పుకండం ముస్లిం కొనుగోలుదారులు కొనరు, కొనమని అడగడం కూడా న్యాయం కాదు. మా అమ్మకంలో వాళ్ళది మంచి వంతు, హలాల్ కొట్టు నుంచే మాంసం తెస్తానని తెలిసి వస్తారు. హిందువుల్లోనూ చాలామందికి పట్టింపు. బేకన్ చేస్తే బేకన్ ఒక్కటే చేయండి, లేదా గది, కత్తులు, ఫ్రిజ్ అన్నీ వేరుగా పెట్టండి.

## ఒక్క చూపులో

| | ఉప్పుకండం | మాంసం పచ్చడి | పొగ చికెన్ | బేకన్ |
|---|---|---|---|---|
| కిలో మాంసానికి వచ్చేది | 350–400 గ్రా. | కిలో పైన | 700 గ్రా. | 750–800 గ్రా. |
| నిల్వ | నెలలు, బయటే | వారాలు, ఫ్రిజ్‌లో మేలు | 3–4 రోజులు ఫ్రిజ్‌లో | వారం ఫ్రిజ్‌లో, మిగతా ఫ్రీజర్‌లో |
| తప్పనిసరి సామాను | డ్రయ్యర్ | పెద్ద బాండలి, సీలింగ్ మిషన్ | పొగ డబ్బా, థర్మామీటర్, ఖాళీ స్థలం | వేరే ఫ్రిజ్, సన్నని తూకం, ఫ్రీజర్, పొగ డబ్బా |
| శత్రువు | నవంబరు ముసురు | పోటీ, కారే సీసాలు | అమ్ముడుపోని ఆదివారం | కరెంటు కోత |
| కొనేవాళ్ళు | ఊళ్ళోవాళ్ళు, బెంగళూరులో మనవాళ్ళు | అందరూ | విద్యార్థులు, ఉద్యోగులు | బయటి నగరాలు |
| విడత పోతే | గట్టి దెబ్బ | ఓర్చుకోదగ్గది | చిన్న దెబ్బ | ఘోరం |

## మీ పరిస్థితి ఏది?

తిరుపతిలో అద్దె ఇల్లు, చేతిలో పదివేలు. పచ్చడే. అది కూడా ఓనరును అడిగాకే. ఒక్క రకం చికెన్, ఒక్క రకం గోంగూర చికెన్, అక్కడితో ఆపండి. రొయ్యలు, చేపలు అంటూ మొదటి నెలలోనే పది రకాలు పెడితే ఏది తిరిగొచ్చిందో కూడా తెలియదు.

పల్లెలో సొంత ఇల్లు, సోలార్ డ్రయ్యర్ పెట్టుకోను ఎండ తగిలే మిద్దె, మాంసం కోయడం తెలిసిన చెయ్యి. ఉప్పుకండం. ఫిబ్రవరి నుంచి జూన్ దాకా చేయండి, వానాకాలం ఆర్డర్లు ఒప్పుకోకండి. మీ దగ్గర గొర్రెలుంటే మాంసం ఖర్చు దగ్గరే సగం గెలిచినట్టు.

ఊరి బయట తోట, కాలేజీ పిల్లలతో పరిచయాలున్న కుర్రవాళ్ళు. పొగ చికెన్, ఆదివారం ఆర్డర్ల మీద మాత్రమే. పుత్తూరు అమ్మాయి భర్తకు ఇదే చెప్పాను. కానీ వాళ్ళకు తోట లేదు, ఇల్లు బస్టాండు పక్కన. కాబట్టి పచ్చడితో మొదలుపెట్టమన్నాను, ఆయన ఇంకా వీడియోలు చూస్తూనే ఉన్నాడట.

హోటల్ వంటశాలలో పనిచేసిన అనుభవం, రెండు మూడు లక్షల పెట్టుబడి, బెంగళూరులో కొనే హోటళ్ళు ముందే మాట ఇచ్చినవాళ్ళు. బేకన్ వీళ్ళకే. ఈ మూడింటిలో ఒక్కటి తక్కువైనా వద్దంటాను.

ఆరోగ్యం విషయంలో అడిగినవాళ్ళకు దాచకండి. పొగపెట్టిన, ఉప్పుపెట్టి నిల్వచేసిన మాంసాలను ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన విభాగం 2015లో క్యాన్సర్ కారకాల మొదటి గుంపులో చేర్చింది. రోజూ 50 గ్రాములు తింటే పెద్దపేగు క్యాన్సర్ ముప్పు 18 శాతం పెరుగుతుందని లెక్కగట్టింది. ఉప్పుకండం రోజూ తినేది కాదు, అప్పుడప్పుడూ తినేది. బీపీ ఉన్న పెద్దాయన నెలకు కిలో అడిగితే నేను అరకిలోకు ఆపుతాను, ఆయన కోప్పడతాడు, మళ్ళీ వస్తాడు.

## కాగితాలు, లేబుళ్ళు, అలిపిరి

ఏది ఎంచుకున్నా కేంద్ర ఆహార భద్రత సంస్థ, అంటే ఎఫ్ఎస్ఎస్ఏఐ, నమోదు లేకుండా ఒక్క ప్యాకెట్ కూడా అమ్మకండి. వాళ్ళ ఫాస్కాస్ అనే ఆన్‌లైన్ పోర్టల్‌లో ఇంటి నుంచే దరఖాస్తు పెట్టుకోవచ్చు. మాంసం సరుకు కాబట్టి మీ స్థాయికి నమోదు సరిపోతుందా, లైసెన్స్ కావాలా అన్నది దరఖాస్తుకు ముందే ఆహార భద్రత అధికారిని అడిగి తేల్చుకోండి. వచ్చిన 14 అంకెల నంబరు ప్రతి లేబుల్ మీద ఉండాలి. మాంసాహారం గుర్తు చాలామంది ఇంకా పాత పద్ధతిలో గుండ్రని చుక్క వేస్తున్నారు. 2020 నిబంధనల తర్వాత అది గోధుమ రంగు చదరంలో గోధుమ రంగు త్రికోణం. తయారీ తేదీ, బ్యాచ్ నంబరు, బరువు, ధర, ఎన్నాళ్ళలో తినాలి, ఎలా ఉంచాలి, ఇవన్నీ ఉండాలి. బ్యాచ్ నంబరు అనవసరం అనిపిస్తుంది, ఒక్క సీసా పాడైందని ఫోన్ వచ్చిన రోజు దాని విలువ తెలుస్తుంది.

నేర్చుకోవడానికి దూరం పోనక్కర్లేదు. తిరుపతిలోనే పశువైద్య విశ్వవిద్యాలయం ఉంది, పశు ఉత్పత్తుల సాంకేతిక విభాగంలో మాంసం మీద పనిచేసే వాళ్ళున్నారు. హైదరాబాదు చెంగిచెర్లలో జాతీయ మాంస పరిశోధన సంస్థ, మైసూరులో కేంద్ర ఆహార సాంకేతిక పరిశోధన సంస్థ (సీఎఫ్‌టీఆర్‌ఐ) శిక్షణలు పెడుతుంటాయి. చిన్న ఆహార యూనిట్లకు 2020లో మొదలైన పీఎంఎఫ్ఎంఈ పథకం కింద 35 శాతం, గరిష్ఠంగా 10 లక్షల దాకా సబ్సిడీ ఇచ్చారు. ఇప్పుడు దరఖాస్తులు తీసుకుంటున్నారో లేదో జిల్లా పరిశ్రమల కేంద్రంలో కనుక్కున్నాకే డ్రయ్యర్‌కు బయానా ఇవ్వండి.

చివరగా తిరుపతివాళ్ళకు. బయటి ఊళ్ళ నుంచి దర్శనానికి వచ్చినవాళ్ళు మీ బోర్డు చూసి ఆగుతారు. కొండ మీదికి మాంసం తీసుకుపోకూడదు, అలిపిరిలో సామాను తనిఖీ ఉంటుంది. ఎక్కేటప్పుడు అడిగితే అమ్మకండి. డబ్బు కూడా తీసుకోకండి. పేరు, ఫోన్ నంబరు రాసుకుని, దిగి వచ్చాక రైలెక్కేముందు వచ్చి తీసుకోమనండి. పదిమందిలో ఆరుగురు వస్తారు.